నీటి బిళ్ళ

అత్తగారు మందుల కొట్టులో ముప్పయ్యేళ్ళు పనిచేసింది. బేరాలాడే ముందరి గదిలో కాదు, వెనక అరల మధ్య. డాక్టర్ల కొక్కిరిబిక్కిరి రాత అంతుపట్టనప్పుడు ముందు గదివాళ్ళు చీటీ పట్టుకుని ఆవిడ దగ్గరికే పరుగెత్తుకొచ్చేవారు. బిళ్ళ మొహం చూసి పేరు చెప్పేది, డబ్బా ఊపి లోపల ఎన్ని మిగిలాయో చెప్పేది. అలాంటి మనిషి పని మానేసి ఇంట్లో కూర్చునేసరికి ఆ విద్యంతా ఒక్కరి మీద పడింది. ఆ ఒక్కరూ కోడలు.

కోడలికి ఎడమకాలు మోకాలి కిందనుంచి లేదు. పెళ్ళికి చాలా ముందు ఒక బస్సు బోల్తాపడినప్పుడు పోయింది. కాలు పోయినందుకు ఆమె ఎంత ఏడ్చిందో తెలియదుగాని, ఇప్పుడు మాత్రం వంకీ తిరిగిన పరుగు కాలు తగిలించుకుని ఇసకలోకి లాంగ్ జంప్ దూకుతుంది. గ్రౌండులో అందరూ ఆమెని మిడత అంటారు. ఆ బస్సు కాలుతో సరిపెట్టుకోక కిడ్నీలను కూడా కాస్త తిని వదిలింది. ఒంట్లో నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. అందుకని పొద్దున్నే పరగడుపున ఒక చిన్న తెల్ల బిళ్ళ. ఇంట్లో దాని పేరు నీటి బిళ్ళ. వారానికి సరిపడా ఏడు గళ్ళ డబ్బాలో బిళ్ళలు సర్దే పని అత్తగారిది. కొడుకు లారీ తోలుతూ వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు కాబట్టి, మిగిలిన అయిదు రోజులూ అత్తాకోడళ్ళదే రాజ్యం.

"అత్తయ్యా, మీరు డబ్బా తెరిచిన చప్పుడుకే నాకు సగం జబ్బు నయమవుతుంది," అనేది కోడలు.

"మిగతా సగం నోరు మూసుకుంటే నయమవుతుంది. మింగు," అనేది అత్తగారు.

ఆదివారం సాయంత్రం గ్రౌండులో కోడలు దూకుతుంటే అత్తగారు బట్టలు మార్చుకునే గది వరండాలో కూర్చుంది. కూర్చున్నచోట కళ్ళకి పని లేకపోతే ఆవిడకి తోచదు. గోడమీద కొత్తగా పెద్ద కాగితం అంటించారు. ఆటగాళ్ళు వాడకూడని మందులట. ఇంకేం, పాత చుట్టాలను పలకరించినట్టు ఒక్కొక్క పేరే చదువుకుంటూ పోయింది. ఇది తెలుసు, అదీ తెలుసు, దీన్ని చల్లని అరలో పెట్టాలి. అలా తలాడిస్తూ వచ్చిన ఆవిడ చూపు ఒక చోట ఆగిపోయింది. 'నీరు తీసే మందులు' అని శీర్షిక. వేరే మందుల ఆనవాళ్ళను కడిగేస్తాయి కాబట్టి నిషేధం అని కింద వివరణ. ఆ కింద నాలుగు పేర్లు. మూడోది నీటి బిళ్ళ.

అత్తగారికి వెంటనే గుండక్క గుర్తొచ్చింది.

గుండక్క ఇనుప గుండు విసిరే పిల్ల. చక్రాల కుర్చీలోంచి విసిరేది. వీళ్ళింటికి వస్తే వాకిట్లోంచే నవ్వు వినపడేది. అత్తగారి కొడుకుతో పంజా పట్టి రెండుసార్లు ఓడించింది. కిందటేడు జలుబు చేసి ఏదో దగ్గు మందు కొనుక్కుని తాగింది. పరీక్షలో దొరికింది. రెండేళ్ళు ఆట బంద్. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఒక రోజు అత్తాకోడళ్ళిద్దరూ వెతుక్కుంటూ వెళ్తే గదికి తాళం. ఖాళీ చేసి వెళ్ళిపోయిందని పక్కింటామె చెప్పింది. ఎక్కడికో చెప్పలేదట. కిటికీ గట్టుమీద మణికట్టుకి చుట్టుకునే పట్టీ ఒకటి, సగం వాడినది, అలాగే ఉండిపోయింది. దాన్ని చూసినప్పటినుంచి, మనుషులు గొడవపడి వెళ్ళిపోవడం కన్నా సిగ్గుపడి వెళ్ళిపోవడం ఎక్కువ దూరమని అత్తగారికి అనిపించేది.

వచ్చే ఆదివారమే కోడలికి పెద్ద పోటీ. మొదటి ఇద్దరినీ దేశం జట్టులోకి తీసుకుంటారు. నాలుగేళ్ళ కష్టం. ఇప్పుడు ఈ సంగతి చెబితే పిల్లకి కాళ్ళూ చేతులూ ఆడవు, ఉన్న కాలు కూడా ఆడదు. డాక్టరుకు చెబితే ఆయన కోడలికి చెబుతాడు. అత్తగారు ఆ రాత్రంతా లెక్కలు కట్టింది. ఎంతమంది బీపీ మందు వారం రోజులు మరిచిపోయి కొట్టుకి నడుచుకుంటూ రాలేదు? వారమేగా. పోటీ అయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ముప్పయ్యేళ్ళు అరలు సర్దిన చేతికి ఇదొక పని కాదు. సోమవారం తెల్లవారేసరికి ఏడు గళ్ళల్లోంచీ నీటి బిళ్ళలు మాయమై, అదే సైజు, అదే తెలుపు ఉన్న జింకు బిళ్ళలు వచ్చి కూర్చున్నాయి.

"ఇదేంటత్తయ్యా, నీటి బిళ్ళ రుచి మారింది?" అంది కోడలు మంగళవారం.

"కంపెనీ మారింది."

"కంపెనీ మారితే కాస్త తీపి చేయకూడదా?"

"నీకు బిళ్ళ కావాలా, పిప్పరమెంటా?"

నవ్వుతూ మింగేసింది కోడలు. అత్తగారు మాత్రం ఆ పూట సరిగ్గా తినలేదు.

ఇక్కడ సాక్సుల సంగతి చెప్పాలి. పెట్టుడు కాలు నేరుగా ఒంటికి తగలకుండా, మిగిలిన కాలి ముక్కకి ఉన్ని సాక్సులు తొడిగి, ఆపైన కాలి గుల్లలోకి దింపుతారు. కాలు సన్నబడితే ఒక సాక్సు ఎక్కువ, లావైతే ఒకటి తక్కువ. కోడలిది ఎప్పుడూ మూడు సాక్సుల కాలు. మంగళవారం సాయంత్రానికి రెండయ్యాయి. బుధవారం ఒకటి. గురువారం పొద్దున ఇంకా బిళ్ళ మింగకముందే, సాక్సు అనేదే లేకుండా తోసినా కాలు గుల్లలోకి దిగలేదు. పౌడరు పూసి తోశారు. మంచం కోడు పట్టుకుని తోశారు. కోడలు నుదుట చెమట పట్టిందిగాని కాలు దిగలేదు.

కోచ్‌కి ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చేశాడు. గ్రౌండులో ఆయన్ని విజిల్ సార్ అంటారు, మెడలోంచి విజిల్ తీయడు. వచ్చి కాలు చూసి, వంటగది వైపు చూశాడు.

"ఉప్పు. ఈ ఇంట్లో ఎవరో కూరలో ఉప్పు గుమ్మరిస్తున్నారు."

"అవును బాబూ, నాదే తప్పు," అంది అత్తగారు వెంటనే.

కోడలు తల తిప్పి చూసింది. "సార్, ఇంకేదో పెద్ద జబ్బే అయ్యుంటుంది. పెళ్ళయిన ఆరేళ్ళలో మా అత్తయ్య తప్పు ఒప్పుకోవడం ఇదే మొదలు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది అత్తగారికి. సాయంత్రం డాక్టరుకు చూపిద్దాం, ముందు కాలు సంగతి చూడాలి, మేస్త్రికి ఈ ఒక్క పూటే ఖాళీ అని విజిల్ సార్ ఇద్దరినీ కారెక్కించాడు.

పెట్టుడు కాళ్ళు చేసే ఆయన్ని అందరూ కాళ్ళ మేస్త్రి అంటారు. ఆయన షెడ్డులో అడుగుపెడితే ముందు ప్లాస్టరు దుమ్ము, తర్వాత జిగురు వాసన. గోడవారన తెల్లటి ప్లాస్టరు కాళ్ళు వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో పేరు. మనుషులు తమ కాళ్ళు ఇక్కడ నిలబెట్టి ఎటో వెళ్ళినట్టుంటుంది. మేస్త్రి కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, కోడలి కాలి ముక్కని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది.

"కొవ్వు కాదమ్మా, కండా కాదు. నీరు. బిళ్ళ వేసుకుంటున్నావా?"

"ఒక్క పూట తప్పలేదు మేస్త్రీ. మా అత్తయ్య తప్పనివ్వరు."

"మరెందుకు వచ్చిందో. సరే, గుల్ల లోపల రెండు మిల్లీమీటర్లు అరగదీస్తాను, పడుతుంది. ఒక్క మాట. తీసిందాన్ని మళ్ళీ అతికించలేను. ఈ నీరు దిగిపోయిందో, గుల్ల వదులై కాలు లోపల గిలగిల్లాడుతుంది. దూకేటప్పుడు పడితే మోకాలు కూడా పోతుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించడానికి ఏముంది, మూడు రోజుల్లో పోటీ," అన్నాడు విజిల్ సార్. "తీసెయ్."

కోడలు కూడా తలూపింది. మేస్త్రి పరుగు కాలిని ఒడిలో పెట్టుకుని సాన మిషను మీట నొక్కాడు. చక్రం గిర్రున తిరిగింది. ఆ నీరు దిగిపోతుందని ఆ షెడ్డులో ఒక్క మనిషికే తెలుసు. ఆ బిళ్ళ మళ్ళీ వేస్తే రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. అప్పుడు ఈ కాలు ఈ పిల్లని పడేస్తుంది. చెబితే ఈ పిల్ల మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే ఆ కాలు ఎలా చూడాలి? అత్తగారు స్టూలు మీంచి లేచి నిలబడింది.

"ఆపండి మేస్త్రీ."

చక్రం చప్పుడులో వినపడలేదు. అత్తగారు వెళ్ళి గోడకున్న ప్లగ్గు పీకేసింది. చక్రం మూలుగుతూ ఆగింది.

"పిల్లకి నీటి బిళ్ళ అందడం లేదు. సోమవారం నుంచి నేనే తీసేశాను."

విజిల్ సార్ నోట్లోకి వెళ్ళబోయిన విజిల్ గడ్డం దగ్గరే ఆగింది.

"తీసేసి?" అంది కోడలు నెమ్మదిగా. "మరి నేను రోజూ మింగుతున్నదేంటి?"

"జింకు బిళ్ళ."

"స్ట్రిప్పు ఎక్కడుంది? అత్తయ్యా, స్ట్రిప్పు."

ఆ గొంతు అత్తగారు ఇంతకుముందు వినలేదు. సంచీలోంచి స్ట్రిప్పు తీసి ఇచ్చింది. కోడలు ఫోన్లో ఏదో తెరిచి దానిమీది పేరూ, వెనకాల ఉన్న ప్రతి చిన్న అక్షరమూ కొట్టి వెతికింది. విజిల్ సార్ ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ మళ్ళీ వెతికాడు. అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ అత్తగారికి కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి.

"పర్లేదు, వాడొచ్చు," అన్నాడు విజిల్ సార్, ఊపిరి వదిలి. "పెద్దమ్మగారూ, మీ చేతులకి దండం పెట్టాలో సంకెళ్ళు వేయాలో తెలీడం లేదు."

"ఏం మందో తెలియకుండా నా నోట్లోకి ఒక్కటి వెళ్తే చాలు అత్తయ్యా, అంతా అయిపోతుంది," అంది కోడలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎందుకు చేశారు?"

"ఆ గోడమీద దాని పేరుంది. నిషేధం అని. నేను చదివాను."

"మొత్తం చదివారా?"

"మొత్తం చదివాను."

"చివరి లైను?"

అత్తగారు ఆలోచించింది. "కింద కుర్చీలు పేర్చారు. అడ్డొచ్చాయి."

విజిల్ సార్ నెత్తి పట్టుకున్నాడు. "కుర్చీలు అక్కడ పెట్టించింది నేనే."

కుర్చీల వెనకున్న ఆ లైనేమిటో కోడలు చెప్పింది. జబ్బుకి తప్పనిసరిగా ఆ మందే కావలసినవాళ్ళు ముందుగా అనుమతి తెచ్చుకోవచ్చు. ఆమె తెచ్చుకుంది కూడా. కిడ్నీ డాక్టరు రాసిన ఉత్తరం, రక్తపరీక్షలు, వేరే మందులు వాడి చూస్తే ఏవీ పడలేదన్న కాగితాలు, అన్నీ కలిపి పంపిస్తే నలభై రోజులకి వచ్చింది. ఫోన్లో ఆ అనుమతి పత్రం తీసి చూపించింది. నీటి బిళ్ళ పేరు, రోజుకి ఎంత, ఏ తారీఖు వరకు, కింద సంతకం. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఈసారి చివరి అక్షరం దాకా చదివింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఆ నలభై రోజులూ మీరు నిద్రపోయేవారా?"

"ఇప్పుడు మాత్రం పోయానా?"

"అందుకే అంటారు, ఇద్దరు తెలివైనవాళ్ళు ఒక ఇంట్లో ఉండకూడదని," అన్నాడు కాళ్ళ మేస్త్రి. కోడలికి ఏడుస్తూనే నవ్వొచ్చింది.

"గుండక్కలా నువ్వూ..." అని ఆగిపోయింది అత్తగారు.

"ఈ అనుమతికి అర్జీ పెట్టించింది గుండక్కే అత్తయ్యా. వెళ్ళే ముందురోజు ఫోన్ చేసింది. 'నేను అడగకుండా తాగాను, నువ్వు అడిగి మింగు' అంది. వెళ్తున్నానని మాత్రం చెప్పలేదు."

అక్కడినుంచే డాక్టరుకు ఫోన్ చేశారు. ఆయన సంగతంతా విని, పెద్దావిడకి ఇవ్వమన్నాడు. అత్తగారు ఫోన్ చెవికి పెట్టుకుని చాలాసేపు "అవును", "తప్పే", "లేదు, ఇక చేయను" అంటూ నిలబడింది. మధ్యలో ఒక్కసారి మాత్రం, "పోయిన మూడు రోజులదీ కలిపి ఒకేసారి వేసేదా?" అని అడిగింది. దాంతో అవతలి గొంతు షెడ్డంతా వినపడింది. రోజుకి ఒక్కటే, ఎప్పటిలాగే. ఈ సాయంత్రమే వచ్చి రక్తం ఇవ్వాలి. శనివారం మళ్ళీ చూసి, దూకొచ్చో లేదో అప్పుడు చెబుతాడు. కుదరదంటే కుదరదు, పోటీ గీటీ తనకి తెలియదు.

కాళ్ళ మేస్త్రి కాలిని అరగదీయకుండానే తిరిగి ఇచ్చేశాడు. "నా పాతికేళ్ళ సర్వీసులో ప్లగ్గు పీకినవాళ్ళు లేరు," అన్నాడు. "మీ కాలు కూడా ఒకటి అచ్చు తీసి ఈ గోడకి పెట్టుకుంటానమ్మా."

తర్వాత రెండు రోజులూ ఇంట్లో సాక్సుల లెక్కే. శుక్రవారం పొద్దున, ఇంట్లో వేసుకునే నడక కాలు మూలుగుతూ దిగింది. మధ్యాహ్నానికి కోడలు ఆరుసార్లు బాత్రూముకి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ అత్తగారు తలుపు బయటినుంచి, "వస్తోందా?" అని అడిగింది.

"అత్తయ్యా, మీరు అడిగితే రాదు."

శనివారం ఒక సాక్సు పట్టింది. డాక్టరు బీపీ రెండుసార్లు చూశాడు, పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి. బొటనవేలితో కాలు నొక్కాడు. గుంట పడి, నెమ్మదిగా పూడింది. రక్తపరీక్ష కాగితాన్ని ఆయన రెండోసారి మొదటినుంచీ చదువుతుంటే అత్తగారు కుర్చీ అంచుకి జరిగింది. ఆయన దూకనివ్వను అంటే ఆ మాట తన చేతి పని. ఈ పిల్ల ఏమీ అనదు, అదే భయం. అనకుండా లోపల పెట్టుకునేవాళ్ళే ఒకరోజు గది ఖాళీ చేస్తారు.

"దూకొచ్చు," అన్నాడు డాక్టరు. "తల తిరిగినట్టుంటే ఆగిపోవాలి. పెద్దావిడా, మీరు గుండె పట్టుకోవడం ఆపండి, నాకు ఇంకో పేషెంటు అక్కర్లేదు."

ఆదివారం గ్రౌండులో రెండు సాక్సులు పట్టాయి. మూడోది వేస్తే బిగుతు, తీస్తే వదులు. కాళ్ళ మేస్త్రి పనిగట్టుకుని వచ్చాడు. జేబులోంచి కత్తెర తీసి మూడో సాక్సుని అడ్డంగా కోసి కింది సగం తొడిగాడు. "రెండున్నర సాక్సుల కాలు. ఎక్కడా ఉండదు," అని మురిసిపోయాడు.

మొదటి దూకుడు గీత దాటి తప్పుపోయింది. రెండోది నాలుగు మీటర్ల ఇరవై. మూడోదీ నాలుగోదీ అటూ ఇటూగా అంతే. ముందు ఇద్దరున్నారు, రెండో ఆమె నాలుగూ నలభై ఒకటి. ప్రతిసారీ కోడలు ఇసకలోంచి లేస్తున్నప్పుడు అత్తగారు ఆమె మొహం చూడకుండా కాలే చూసింది, గుల్లలో కదులుతుందేమోనని. కదల్లేదు. అయిదో దూకుడుకి ముందు కోడలు అరనిమిషం వంగి నిలబడింది. తల తిరిగిందేమోనని అత్తగారు కంచె పట్టుకుని లేచింది. కోడలు వంగి సాక్సు ముడత సరిచేసుకుంటోంది. లేచి పరుగెత్తింది. వంకీ కాలు చెక్క మీద టక్కుమని, మనిషి గాల్లో కాళ్ళు ముడుచుకుని, ఇసక ఎగిరి పక్కనున్న జడ్జి నోట్లో పడింది. నాలుగూ నలభై నాలుగు. మూడు సెంటీమీటర్ల తేడాతో రెండో స్థానం. ఆరో దూకుడులో ఎవరూ దాన్ని దాటలేదు. విజిల్ సార్ విజిల్ ఊదుతూనే ఉన్నాడు, గ్రౌండువాళ్ళు వచ్చి ఆపమనేదాకా.

ఇసక దులుపుకుంటుంటే మెడలో కార్డు వేసుకున్న ఒకామె వచ్చి కోడలి పక్కన నిలబడింది. పరీక్షకి రావాలి. అప్పటిదాకా తన కళ్ళముందే ఉండాలి. తోడుగా ఒకర్ని తెచ్చుకోవచ్చు. విజిల్ సార్ చొక్కా సర్దుకున్నాడు.

"మా అత్తయ్య వస్తారు," అంది కోడలు.

"నేనా? నేనెందుకే, సార్ ఉన్నారుగా."

"నా మందుల గురించి మీకన్నా ఎవరికి తెలుసు? రండి."

అది దెప్పిపొడుపో, నిజమో అత్తగారికి అర్థం కాలేదు. నడిచింది.

చిన్న గది. ఒక బల్ల, మూత పగలని నీళ్ళ సీసాలు, గోడకి గడియారం. అధికారిణి ఫారం తీసి, గత ఏడు రోజుల్లో వాడిన మందులు చెప్పమంది. నీటి బిళ్ళ, గురువారం నుంచి ఈవేళ వరకు, అనుమతి పత్రం ఇదిగో. జింకు, సోమవారం నుంచి బుధవారం వరకు.

"మధ్యలో మూడు రోజులు అసలు మందు ఆపారా? డాక్టరు చెప్పారా?"

కోడలు నోరు విప్పేలోపే అత్తగారు అందుకుంది. "నేను ఆపాను. భయపడి ఆపాను. రాయండి."

"మీరెవరండీ?"

"అత్తగార్ని."

అధికారిణి పెన్ను ఆగింది. కోడలి మొహంలోకి చూసింది, ఈ ఇంటి సంగతేమిటో అక్కడ దొరుకుతుందన్నట్టు. కోడలు ప్రశాంతంగా కూర్చుని ఉంది. "ఆవిడ చెప్పింది నిజమేనండీ. కుటుంబసభ్యురాలు పొరపాటున మార్చారు, తెలిసిన వెంటనే సరిచేశాం అని రాయండి."

"మా అత్తగారు ఎప్పుడూ ఇంత త్వరగా ఒప్పుకోలేదు," అంటూ రాసింది అధికారిణి.

నమూనా ఇవ్వడానికి కోడలికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చిన చిక్కు అది కాదు. చుక్క తీసి చూసి అధికారిణి తల అడ్డంగా ఊపింది. మరీ నీళ్ళగా ఉంది, పనికిరాదు. గంట ఆగి ఇంకోటి ఇవ్వాలి, ఈలోపు నీళ్ళు తాగొద్దు. ఆ బిళ్ళ పని అదే మరి.

ఇద్దరూ గోడవారన బెంచీ మీద కూర్చున్నారు. అధికారిణి పక్క కుర్చీలో ఫైలు తిరగేస్తోంది.

"జట్టు శిక్షణ శిబిరం ఎన్నాళ్ళు?" అంది అత్తగారు.

"మూడు నెలలు. పదో తారీఖున బయల్దేరాలి."

అత్తగారు తల ఊపింది. అడగాలనుకున్నది అడగలేక చేతిసంచీ పట్టీ మెలిపెట్టింది. అడిగేసింది. "నా మీద కోపమా?"

"ఉంది."

"ఎంత?"

"శిబిరానికి సరిపడా ఉంది." కోడలు తలవంచి పట్టీ వదులుచేసి, కాలు ఊడదీసి, చెమటకి తడిసిన సగం సాక్సుని తీసి పిండింది. "అక్కడ నా బిళ్ళలు నేనే సర్దుకుంటాను. డబ్బా మీకు ఇవ్వను."

"వద్దు. ఇవ్వకు."

"కానీ పొద్దున్నే ఏడింటికి వీడియో చేస్తాను. స్ట్రిప్పు మీకు చూపిస్తాను. మీరు పేరు పైకి చదవాలి, గట్టిగా, చివరి అక్షరం దాకా. విన్నాకే మింగుతాను. మీరు ఫోన్ ఎత్తకపోతే నా కాలు వాచిపోతుంది, మీ ఇష్టం."

అత్తగారు గడియారం వైపు చూసింది. "ఏడింటికి నాకు నీళ్ళు పట్టే పని ఉంటుంది. ఆరూ నలభై అయిదుకి చెయ్."

"ఆరున్నరకి లేస్తానా నేను?"

"లేవాలి. దేశం తరఫున దూకేదానివి, ఏడింటిదాకా పడుకుంటావా?"

అధికారిణి ఫైలు మూసి, గంటయిందని, ఇప్పుడు ప్రయత్నిద్దామా అని అడిగింది.

"ఒక్క పది నిమిషాలండీ," అంది కోడలు. "టైము దగ్గర బేరం ఇంకా తెగలేదు."